ఆఖరింటి నల్లా

ఆఖరింటి అవ్వ పోయింది. మొన్న మంగళవారం పొద్దున, ఆఫీసులో నేనింకా చాయ్ గ్లాసు ఎత్తకముందే వాళ్ల గల్లీ నుంచి ఫోన్ వచ్చింది. "మేడం, అవ్వ నిద్రలనే పోయింది. మీకు చెప్పాలె గదా అని చేసిన" అన్నాడు ఆమె ఎదురింటాయన. నిజమే, నాకు చెప్పాలి. ఆమె నాకు చుట్టం కాదు. రోజు విడిచి రోజు పొద్దున్నే నాకు ఫోన్ చేసే మనిషి.

మా పట్నంలో నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. ఇదివరకు ఒకాయన సైకిల్ మీద తిరుగుతూ గల్లీ గల్లీకి వాల్వు తిప్పేవాడు. ఇప్పుడా పని నేను కంప్యూటర్ ముందు కూర్చుని చేస్తున్నాను. పైపుల్లో నీటి ఒత్తిడి ఎంతుందో సెన్సర్లు చెప్తాయి. నీళ్లు ఉన్నచోట తెర మీద పచ్చచుక్క, లేనిచోట ఎర్రచుక్క. మీట నొక్కితే వాల్వు తెరుచుకుంటుంది. కొత్తలో నా గర్వం చూడాలి మీరు. చొప్పదండిలో ఉన్న మా బాపుకు ఫోన్ చేసి, "ఇగ నీళ్ల కోసం ఎవలూ కొట్లాడరు బాపూ" అన్నాను. బాపు నవ్వాడు.

ఆ గర్వం దిగడానికి ఎన్నో రోజులు పట్టలేదు. "వందనాలు బిడ్డా" అని ఫోన్లో మొదలుపెట్టింది ఒక ముసలి గొంతు. చర్చికి పోయేవాళ్ల పలకరింపు అది. "మా నల్లాల నీళ్లు రాలే." నేను తెర చూసి, "పచ్చగనే ఉన్నది అవ్వా, వస్తున్నయ్" అన్నాను. మళ్లీ చేసింది, మళ్లీ అదే జవాబు. మూడోసారి విసుగొచ్చి ఆమె ఫిర్యాదు మూసేశాను. మూసేస్తే దానంతటదే మెసేజ్ పోతుంది: మీ ఫిర్యాదు పరిష్కరించబడినది.

మర్నాడు ఆమె ఆఫీసుకే వచ్చింది. చంకలో ఖాళీ బిందె, చేతిలో ఫోన్. బిందెను నా టేబుల్ మీద పెట్టి, ఫోన్ నా ముందుకు జరిపి, "గీ మెసేజుతోని జర ఓ బిందె నింపియ్యి బిడ్డా" అంది. పక్కవాళ్లంతా నవ్వారు. ఆమె నవ్వలేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ గల్లీకి నీళ్లు వదిలిన రోజున వెళ్లి చూశాను. తప్పు నాదే. సెన్సర్ మొదటి ఇంటి దగ్గర పెట్టించింది నేనే, బండి ఆపుకోవడానికి అక్కడ వీలుగా ఉందని. గల్లీ పోనుపోను ఎత్తు. మధ్యలో ఐదారిళ్లవాళ్లు నల్లాలకే మోటర్లు బిగించి లాగుతున్నారు. ఆఖరింటి నల్లా తిప్పితే గాలి బుస్సుమంది, అంతే. మోటర్లు ఎవరెవరివి అని అవ్వను అడిగాను. "పేర్లు నన్నడగకు బిడ్డా. ఆళ్లు దొంగలు గారు. అందయేమోనన్న ఫికర్ ఆళ్లది. అందుతయని ఎరుకైతే ఆళ్లే తీస్తరు" అంది.

సెన్సర్‌ను ఆమె నల్లాకు మార్పించాను. ఆఖరింట్లో పచ్చచుక్క పడి కాసేపు నిలిచేదాకా ఆ గల్లీ వాల్వు మూయకూడదని నియమం పెట్టుకున్నాను. మోటర్లు ఒక్కటొక్కటే ఊడాయి. అన్నీ కాదులెండి, మొండివాళ్లు ఏ గల్లీలోనైనా ఉంటారు. అవ్వ మాత్రం ఆ సెన్సర్ డబ్బాను మనవరాలిని చూసుకున్నట్టు చూసుకుంది. ఎండ తగలకుండా పాత చీరచెంగు చింపి దాని మీద కట్టింది. మా టెక్నీషియన్ అదెందుకని అంటే, "నువ్వు టోపీ పెట్టుకోలే?" అందట.

ఇక ఫోన్లు ఆగుతాయనుకున్నాను. ఆగలేదు. నీళ్లొచ్చిన ప్రతి పొద్దునా, "వందనాలు బిడ్డా, అచ్చినయ్" అనేది. "నాకు తెరమీద కనవడుతది అవ్వా, ఎందుకు శ్రమ?" అంటే, "కనవడుడు వేరు, చెప్పుడు వేరు" అనేది. ఎన్నిసార్లు విసుక్కున్నానో ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తోంది. రోజంతా నాకు వచ్చేవి తిట్లే. నీళ్లొచ్చాయని చెప్పడానికి ఫోన్ చేసింది ఆమె ఒక్కతే.

ఒకసారి, చనిపోయిన భర్త పేరున ఇంట్లో ప్రార్థన పెట్టుకుంది. హుజూరాబాద్ నుంచి బిడ్డ, అల్లుడు, చర్చి ఆడవాళ్లు, అంతా కలిసి ఇల్లు నిండా జనం. ఆ రోజు వాళ్ల గల్లీ వంతు కాదు. నీళ్లు సరిపోవేమోనని నేనే ఫోన్ చేసి, "అరగంట వదుల్తా అవ్వా, ఎవలకూ తెల్వది" అన్నాను.

"ఇయ్యాల ఎవల వంతు బిడ్డా?"

"మీ వెనక గల్లీది."

"ఆళ్ల ఆఖరింట్ల గూడ ఓ ముసల్ది ఉంటది గదా. వద్దు."

మంగళవారం పొద్దున నాకు గుర్తొచ్చింది ఈ మాటే. ఆ రోజూ వాళ్ల వంతు కాదు. ఇంట్లో ఆమెకు ఆఖరి స్నానం చేయించాలి, పదిమంది వస్తారు. నా వేలి కింద మీట ఉంది. నొక్కితే ఆమె ఇంటికి నీళ్లు ఎక్కుతాయి, వెనక గల్లీ ఎత్తు మీది ఇళ్లకు ఆగిపోతాయి. ఆమె కోసం ఆ ఒక్క తప్పు చేయాలని నా ప్రాణం కొట్టుకుపోయింది. చేయి వెనక్కి తీసుకున్నాను. తీసుకుని, అందరిముందే ఏడ్చాను. నీళ్లు చేతిలో పెట్టుకుని కూడా ఆమెకు ఒక్క బిందె ఇవ్వలేకపోయానే అని.

సెలవు చెప్పి బయల్దేరాను. గల్లీ మొదట్లోనే బండి ఆపి నడిచాను. మొదటి ఇంట్లోంచి ఒకావిడ నిండు బిందె చంకనెత్తుకుని బయటికొచ్చింది. ఆమె ముందు ఇంకొకావిడ. ఇప్పటికీ మోటరు తీయని మొండాయన ఒకాయన కూడా, రెండు చేతుల్లో రెండు బకెట్లతో, లుంగీ తడుస్తున్నా చూసుకోకుండా ఎత్తు ఎక్కుతున్నాడు. నిన్న పట్టిపెట్టుకున్న నీళ్లు అవి. రేపటిదాకా వాళ్లకూ అవే ఆధారం.

లోపల చర్చి ఆడవాళ్లు సన్నగా పాడుతున్నారు. గోడ మీద సెన్సర్ డబ్బా, దానికి చీరచెంగు అట్లాగే ఉంది. అలవాటు కొద్దీ నా ఫోన్‌లో ఆ చుక్కల తెర తీసి చూశాను. ఆఖరింటి దగ్గర ఎర్రచుక్కే ఉంది. గడప ముందు బిందెలు వరసగా, అంచులదాకా నిండి ఉన్నాయి.