హన్నమ్మ అమ్మిన బియ్యం

హన్నమ్మ గుడి బియ్యం అమ్ముకు తిన్నదని ఆత్మకూరులో మా వీధంతా చెప్పుకుంటోంది. అది అబద్ధం. విని ఊరుకోలేక నేనే విచారించాను.

బాప్టిస్టు గుడి ఆడవాళ్ళకొక పద్ధతి ఉంది. పూటపూటా ఎసట్లో పోసేముందు గుప్పెడు బియ్యం తీసి వేరే కుండలో వేస్తారు. నెలాఖరుకు వాటిని స్త్రీల సమాజానికి ఇస్తారు. మా పక్కింటి హన్నమ్మ కాపురానికి వచ్చినప్పటినుంచి ఇరవై ఆరేళ్ళు ఇచ్చింది. తొంభై నాలుగులో ఉన్నట్టుండి మానేసింది. ఆదినారాయణ అంగట్లో ఆమె బియ్యం అమ్ముతుంటే సమాజం పెద్ద సుకుమారి కంటబడింది.

"దేవుడి గుప్పెడు గూడా అమ్ముకుంటా ఉండాది. అయ్యవారి పెళ్ళానికి అంత ఆకలేందో" అని సుకుమారి గుడి మెట్లమీదే అన్నది.

ఆ అయ్యవారు, హన్నమ్మ మొగుడు వరప్రసాదం, నెల్లూరు దోవలో ఉన్న సంగం ఊరి బడిలో పంతులు. చెడ్డవాడు కాదు, సారా ముట్టడు. ఉప్పు దగ్గర్నుంచి చీర దాకా తానే తెస్తాడు. అన్నీ తెచ్చిపెడుతుంటే ఇంటి ఆడదానికి చేతిఖర్చు ఎందుకని ఆయన ఉద్దేశం. ఏది కావాలన్నా, "పేరు చెప్పు, సాయంత్రం తెస్తా" అంటాడు. బియ్యం కూడా పూటకు రెండు డబ్బాలని కొలిచి పెడతాడు. కొలిచిన దాంట్లో గుప్పెడు తీస్తే అన్నం తగ్గాలి గదా. తగ్గింది హన్నమ్మ కంచంలోనే. అవి సమాజం బియ్యం కావు, ఆమె తినవలసినవి.

ఆదినారాయణను అడిగాను. నెలకు మూడు కిలోలు, ఎనిమిది నెలలు అమ్మిందన్నాడు.

"ఆ దుడ్లతో ఏం కొన్నదిరా?"

"బెల్లంముక్క గూడా కొనలేదు పెద్దమ్మా. కొంగున ముడేసుకొని పోతాది."

మంచాన పడ్డాక మిగతాది హన్నమ్మే చెప్పింది. ముట్లుడిగిన మూడేళ్ళకు మళ్ళీ రక్తం కనబడింది. ఆ మాట మొగుడితో అనలేకపోయింది. నెల్లూరు బస్సు చార్జీకి, డాక్టరమ్మ ఫీజుకు గుప్పెడు గుప్పెడు కూడబెట్టి, ఆయన బడికి పోయినాక బయల్దేరింది. బస్సు సంగంలో ఆగినంతసేపూ ముసుగేసుకుని తలవంచుకున్నదట. డాక్టరమ్మ చూసి, ఆరునెలల ముందు వచ్చుంటే గర్భసంచి తీసేసేదాన్ని, ఇప్పుడు పాకిపోయిందమ్మా అన్నది.

వరప్రసాదం ఇప్పుడు మందులు తెస్తున్నాడు, చీటీలో పేర్లు చూసుకుని. ఆమె ముందు కూర్చోలేక వాకిట్లోనే తిరుగుతుంటాడు.

మొన్న గంజి పట్టుకుని పోయాను. రెండు గుటకలు మింగి చాలన్నది. ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"పక్కింట్లోనే ఉండాను గదే హన్నా. నూటయాభై రూపాయలు. నన్నడిగుంటే ఇయ్యనా?"

హన్నమ్మ నా మొహంలోకి చూసింది.

"ఇచ్చేదానివేలే అక్కా. ఎందుకని అడక్కుండా ఇచ్చేదానివా?"