కాంటాల వైరుకు పసుపు బొట్టు

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో మా ఫ్యాక్టరీకి నాలుగు కాంటాలున్నాయి. గోదాంలో రసాయనాల డ్రమ్ములు తూచితే ఆ తూకం ఆఫీసులోని కంప్యూటర్‌కు చేరాలి. ఆ చేర్చే వైర్లు చూసుకోవడం నా ఉద్యోగం. నేను చేరిన కొత్తలో కాంటాకొక వైరు ఉండేది. టూ థర్టీ టూ అంటారు. అది ఇద్దరే మాట్లాడుకునే రకం, అదీ దగ్గరగా కూర్చుంటేనే. మా గోదామేమో అంత దూరం. పక్కన మోటారు తిరిగితే చాలు, తూకం బదులు పిచ్చి గుర్తులొచ్చేవి. నాకు ఒళ్లు మండేది.

ఫ్యాక్టరీ యజమాని మా సేటు. ఆయన కాళ్లావేళ్లా పడి ఫోర్ ఎయిటీ ఫైవ్ అనే కొత్త రకం పెట్టించాను. కాంటాలన్నిటికీ ఒకటే వైరు. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు నోరు మూసుకుంటారు. మా ఇంట్లో ఎన్నడూ జరగని సంగతి. దూరానికి జంకదు, మోటారు రొదను లెక్కచేయదు. ఆ వైరంటే నాకు ప్రాణం.

దసరా మర్నాడు నాలుగు కాంటాలూ ఒక్కసారే మూగబోయాయి. గేటు దగ్గర లారీ హారన్ మోగుతోంది.

"ఏందివయ్యా గిది?" సేటు లేచాడు. "పాత వైర్లున్నప్పుడు ఒకటి వోతే మూడన్న నడిచేటియి. ఇప్పుడు అన్నీ పన్నయి. మా ఇంట్ల ప్రింటర్‌కున్న యూఎస్‌బీ పెట్టరాదు?"

"అది పొట్టి వైరు సేట్, గోదాం దాకా రాదు. పైగా కొత్త అల్లుని లెక్క, పీకి పెట్టినప్పుడల్లా కంప్యూటర్ దానికి మల్ల మొదటికెల్లి మర్యాద చేసుడే."

"నవ్వులాటనా? మధ్యాహ్నం దాకా చూస్త. తూకం రాకుంటే పాతయే పెట్టి, నీ కొత్త వైరు తుక్కుల ఏస్త."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. పరుగున పోయి మొదటి కాంటా ప్లగ్గు పీకాను. వైరు దానిలోంచే తక్కిన కాంటాలకు పోతుంది. లోపల పసుపు, దానిమీద కుంకుమ. ఎండి పెచ్చుకట్టింది.

ఆయుధపూజ రోజు యంత్రాలకు బొట్లు పెట్టేది మా సూపర్‌వైజరు. వెళ్లి అడిగాను.

"ప్లగ్గు పీకి లోపల గూడ పెట్టినవా అన్నా?"

"మరి? పనిచేసేది లోపలనే గద! పైపైన పెడితే ఏం ఫలితం?" అన్నాడు. పెచ్చు చూపించేసరికి ఆయన మొహం పాలిపోయింది. "సేటుకు చెప్పకు తమ్మీ, జెర!"

చెప్పకపోతే తప్పు నా వైరు మీదే పడి, ఇవాళ కాకుంటే రేపైనా అది తుక్కులోకి పోతుంది. స్పిరిట్‌తో ప్లగ్గు రుద్ది బిగించాను, నాలుగు తూకాలూ వచ్చేశాయి. తర్వాత పోయి ఉన్నదున్నట్టు చెప్పేశాను.

సేటు ఇరుకున పడ్డాడు. పసుపును తిట్టలేడు, పెట్టినవాణ్నీ తిట్టలేడు. చివరికి నేను దొరికాను.

"పూజకు నువ్వెటు వోయినవ్?"

"చర్చిల ప్రార్థన ఉండె సేట్."

"గందుకే గిట్లయింది! వైరు ఉంటది. కానీ ఇగ దానికి బొట్టు నువ్వే పెట్టాలె. ఎక్కడ పెట్టాల్నో నీకే ఎరుక."

అప్పట్నుంచి ప్రతి దసరాకూ సూపర్‌వైజరు పళ్లెం పట్టుకుంటాడు, నేను ప్లగ్గు మూత మీద బొట్టు పెడతాను. ఆయన వేలు లోపలికి పోబోతే మణికట్టు పట్టుకుంటాను. ఓ ఏడాది ఆ మర్నాడే ఆదివారం వచ్చింది. చర్చిలో పాస్టరుగారు నా వేలు చూసి ఆగిపోయారు.

"ఏంది బిడ్డా గీ పసుపు?"

"నా వైరు బతకాలె అయ్యగారూ," అన్నాను.