బయూమీ ఇస్త్రీపెట్టె ఆగిన చోటు

ఉస్తాద్ వగ్దీ ఎవరి రాతప్రతీ తాను చదవడు. నలభై ఏళ్ళుగా అలెగ్జాండ్రియాలో పుస్తకాలు దిద్దుతున్న మనిషి, ఎవరైనా కాగితాల కట్ట తెచ్చి చేతిలో పెడితే బరువు చూసినట్టు పైకీ కిందికీ ఊపి, "పద బయూమీ దగ్గరికి" అంటాడు. బయూమీ పండితుడేమీ కాదు. బహరీ పేటలో ఇస్త్రీ కొట్టు నడుపుతాడు. అక్షరమ్ముక్క రాదు.

ఈ సంగతి ఇజ్లాల్‌కి కొట్టు గుమ్మం దాకా వెళ్ళాక గానీ తెలియలేదు. తపాలా ఆఫీసులో ముద్రలు కొట్టుకుంటూ ఆరేళ్ళు కష్టపడి, అన్ఫూషీ చేపల బజారులో జీవితమంతా గడిపిన తన మేనత్త మీద నవల రాసిందామె. "గురువారం లోపల వగ్దీ సంతకం తెస్తే అచ్చుకిస్తాను. లేదా, ఆ నవల మాటే నా దగ్గర ఎత్తకు" అన్నాడు ప్రచురణకర్త. అప్పటికే ఆదివారం.

బయూమీ ఇస్త్రీ చేసేది చేత్తో కాదు, కాలితో. పొడుగు పిడి ఉన్న బండ పెట్టె మీద పాదం ఆనించి, బల్లమీద బట్టను తోసుకుంటూ పోతాడు. నోటినిండా నీళ్ళు పుక్కిట పట్టి బట్టల మీద తుంపరగా ఊదుతాడు కాబట్టి పనిలో ఉన్నంతసేపూ మాట్లాడలేడు.

వగ్దీ వస్తూనే చంకలోని చొక్కాల మూట బల్లమీద పడేశాడు. ఆగస్టు నెల, గాలి స్తంభించిపోయింది. అయినా ఆయన నల్ల ఉన్ని కోటు మెడదాకా బొత్తాలు పెట్టుకుని కూర్చున్నాడు. ఈయనకి తన బట్టల మీద ఉన్న శ్రద్ధ నా నవల మీద లేదు కదా అని ఇజ్లాల్‌కి ఒళ్ళు మండింది.

"చదువమ్మాయ్" అన్నాడు వగ్దీ.

"ఇక్కడా ఉస్తాద్?"

"ఇక్కడే. గట్టిగా. పెట్టె ఆగకుండా సాగిపోతే ఆ పేజీ కొట్టెయ్. కాస్త తడబడితే ఉంచుకో. బట్ట మాడిందా, మబ్రూక్, అభినందనలు! పుస్తకం అయిపోయినట్టే."

ఇజ్లాల్ గొంతు సవరించుకుని సముద్రం దగ్గర మొదలుపెట్టింది. అలలు, వెన్నెల, నురగ, మళ్ళీ అలలు. పెట్టె నున్నగా సాగింది. నాలుగు చొక్కాలు మడతపడ్డాయి.

"ఈ సముద్రం ఇంకా ఎంత దూరం?" అడిగాడు వగ్దీ.

"మొత్తం పదకొండు పేజీలు ఉస్తాద్."

"వీధి చివరికి వెళ్ళు, ఊరికే కనబడుతుంది. మీ అత్త ఎక్కడ?"

"పన్నెండో పేజీలో నిద్ర లేస్తుంది."

"లేపడం కూడా ఎందుకు? నేరుగా బజార్లోకి తోసెయ్."

ఆ పదకొండు పేజీలకీ ఇజ్లాల్‌కి రెండేళ్ళు పట్టింది. ఇంటికి వెళ్తుంటే తన పళ్ళే ఎవరో ఊడబెరికినట్టు దవడ నొప్పి పుట్టింది. అయినా కొట్టేసింది.

సోమవారం నాడు చదివిన పేజీల్లో అత్త బేరాలకొచ్చిన మునిసిపాలిటీ అధికారిని చేపతో కొట్టింది. పెట్టె తడబడింది! ఇజ్లాల్ గుండె గంతేసింది. వెంటనే తర్వాతి వాక్యం చదివింది: "ఈ విధంగా ఆమె ధైర్యసాహసాలు గల స్త్రీ అని వెల్లడైంది." పెట్టె పరుగందుకుంది.

"చూశావా?" అన్నాడు వగ్దీ. "చేపతో కొట్టింది కదా, ఇక చాటింపు దేనికి? మేమేమైనా మొద్దులమా?"

పెట్టె పిడి పట్టుకునే బయూమీ కాదన్నట్టు తలాడించాడు.

మంగళవారం ఇంకో ముప్పు వచ్చిపడింది. అత్త తన కాబోయే భర్త తూకం రాళ్ళు తప్పుడువని పెళ్ళిచూపుల్లోనే పట్టుకున్న ఘట్టం చదువుతుంటే బయూమీ భుజాలు ఊగాయి, బుగ్గలు ఉబ్బాయి, పుక్కిట నీళ్ళన్నీ ఒక్కసారిగా వచ్చి రాతప్రతి మీద పడ్డాయి.

"అయ్యో నా పేజీలు!"

"తుడవకు! ఆరబెట్టు!" అని లేచి నిలబడ్డాడు వగ్దీ. "ఆ పేజీలో ఒక్క మాట మార్చావో, నీ ముఖం చూడను."

బుధవారం మాత్రం అంతా చెడింది. చివరి అధ్యాయంలో సముద్రంలో పోయిన భర్త కోసం అత్త రోజూ ఒక చేప అమ్మకుండా పక్కన పెడుతుంది. అక్కడిదాకా పెట్టె మెల్లగా, మరీ మెల్లగా కదిలింది. ఆ తర్వాత జీవితం, మృత్యువు, కాలచక్రం గురించి మూడు పేజీలున్నాయి. బయూమీ ఆ మూడు పేజీల్లో రెండు పొడుగు చొక్కాలు ముగించి ఆవలించబోయి, నోట్లో నీళ్ళు గుర్తొచ్చి ఆగాడు.

ఇజ్లాల్ కట్ట మూసేసింది. "ఇక నావల్ల కాదు ఉస్తాద్. రేపే గడువు. మీరే చదివి బాగాలేదని ముఖం మీద చెప్పేయండి, పీడా పోతుంది."

"నేను బాగాలేదంటే నువ్వు ఇంటికెళ్ళి ఏడుస్తావు, మళ్ళీ కలం పట్టవు" అన్నాడు వగ్దీ నెమ్మదిగా. "ఇస్త్రీపెట్టె ఆగలేదంటే బయూమీని తిట్టుకుంటూ వెళ్ళి దిద్దుకొస్తావు. తిట్టుకో. పర్లేదు."

తిట్టుకుంటూనే వెళ్ళింది. గురువారం పొద్దున ఆఫీసుకి సెలవు పెట్టి, కాలచక్రం అంతా చింపేసి, అత్త బుట్టలు కడిగి, చేపను తడిగుడ్డలో చుట్టి, తన చేపల కొట్టు మూసే చోట కథ ఆపేసింది. బయూమీ కొట్టులో అదే చదివి కాగితం దించింది.

బయూమీ పెట్టె మీద పాదం ఆనించి అలాగే నిలబడిపోయాడు. గుటక్కున నీళ్ళు మింగేశాడు. ఐదు రోజుల్లో మొదటిసారి ఆమెతో మాట్లాడాడు.

"ఆ తర్వాత?"

"అయిపోయింది బాబాయ్."

"ఆ చేప ఎవరూ తినలేదా తల్లీ?"

"లేదు."

అప్పుడు కమురు వాసన వచ్చింది. తెల్ల చొక్కా వీపు మీద పెట్టె కింద నుంచి సన్నగా పొగ లేస్తోంది. వగ్దీ కుర్చీలోంచి ఎగిరి లేచి, "మబ్రూక్!" అని అరిచి, ఆ పొగలోనే సంతకం పెట్టేశాడు.

పుస్తకం అచ్చయింది. ఇజ్లాల్‌కి మాత్రం మనశ్శాంతి లేదు. వగ్దీ మూట ఆదివారమే అయిపోయి ఉంటుంది కదా, ఆ చొక్కా ఏ గిరాకీదో, ఏ పెళ్ళికి దాచుకున్నాడో, పాపం బయూమీని ఎన్ని మాటలన్నాడో! చివరికి ఒక కొత్త తెల్ల చొక్కా కొని, పుస్తకంతో పాటు కొట్టుకు పట్టుకెళ్ళింది.

"బాబాయ్, ఆ రోజు మాడిన చొక్కా గిరాకీకి ఇది ఇచ్చేయి. నా తరఫున క్షమించమను."

బయూమీ పగలబడి నవ్వాడు. అదృష్టవశాత్తూ అప్పుడు నోట్లో నీళ్ళు లేవు. "ఏ గిరాకీ తల్లీ? పుస్తకం చదివే వేళ ఆయన నన్ను పరాయి బట్ట ముట్టనిస్తేగా! అన్నీ ఆయనవే. ఆగస్టులో ఉన్ని కోటు ఎందుకనుకున్నావ్?"

ఇజ్లాల్ వెనక్కి తిరిగింది. వగ్దీ గుమ్మంలో నిలబడి, దొంగతనం బయటపడ్డట్టు కోటు బొత్తాలు తడుముకుంటున్నాడు.

"కోటు తీయండి ఉస్తాద్."

"చలిగా ఉంది."

"తీయండి!"

గొణుక్కుంటూ తీశాడు. చొక్కా వీపు మధ్యలో గోధుమరంగులో ఇస్త్రీపెట్టె అచ్చు పడి ఉంది.

"మీ అత్త చేప. బాగానే పడింది కదూ?" అన్నాడు భుజం మీదుగా చూసుకునే ప్రయత్నం చేస్తూ. "నిన్న వేసుకున్నది ఓ దంతవైద్యుడి కథల సంపుటి. ఇంట్లో ఇంకో తొమ్మిది ఉన్నాయి."

"పారేసి కొత్తవి వేసుకోవచ్చుగా!"

"మంచి పుస్తకాలు ఎవరైనా పారేస్తారా?"

ఇజ్లాల్‌కి నవ్వూ వచ్చింది, ఆయన మీద ఎక్కడలేని ప్రేమా వచ్చింది. ఏం అనాలో తెలియక కొత్త చొక్కా ఆయన చేతిలో పెట్టింది. వగ్దీ మడత కూడా విప్పలేదు. అరచేతిలో పైకీ కిందికీ ఊపి బరువు చూసి, బయూమీకి అందించాడు.

"జాగ్రత్తగా దాచు. ఇది ఈ అమ్మాయి రెండో నవలకి." తర్వాత ఇజ్లాల్ వైపు తిరిగాడు. "మొదలుపెట్టావటగా? ఈసారి సముద్రంతో కాదు కదా?"

"అబ్బే, లేదు ఉస్తాద్" అంది ఇజ్లాల్, సంచి గట్టిగా మూసి పట్టుకుంటూ. అందులో ఐదు పేజీల వాన ఉంది.