అన్నిటికీ ‘బాగానే ఉంది’ అని రాసినవాడు

పొద్దున బడి వేళకు ప్రభావతి చేతులు ఖాళీగా ఉండేవి కావు. కూతురు లిఖితను గడప మీద కూర్చోబెట్టి, రెండు జడలు బిగించి అల్లి, పైకి మడిచి రిబ్బన్లు కట్టేది. పిల్ల నొప్పి అంటే “కదలబాకు” అని నెత్తిన చిన్నగా మొట్టేది. ఇప్పుడు ఆ వేళకు ఊడ్చిన వాకిలినే మళ్లీ ఊడుస్తోంది. లోపలికి పోయి పొయ్యి గట్టు తుడుస్తుంది. అంతలోనే మళ్లీ వాకిట్లోకి వస్తుంది. పిల్ల నకరికల్లులో అమ్మమ్మ దగ్గర ఉంది.

పంపింది ప్రభావతే. కోటప్పకొండ తిరునాళ్లు అయిన వారానికి ఒక మధ్యాహ్నం ఐసు బండి వచ్చిందని లిఖిత నిద్రపోతున్న తండ్రి కొండలు భుజం పట్టి కుదిపింది. కొండలును ముట్టుకొని లేపకూడదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. కాళ్ల వైపు నిలబడి దూరం నుంచే పిలవాలి. ఐసు సంబరంలో పిల్ల మరిచిపోయింది. అతని కళ్లు తెరుచుకోకముందే చెయ్యి లేచింది. పిల్ల పోయి గోడకు కొట్టుకుంది. మోచెయ్యి విరిగింది.

ప్రభావతే కట్టు కట్టించి తెచ్చింది. పిల్లను నకరికల్లు బస్సెక్కిస్తుంటే కొండలు రోడ్డు అవతలే నిలబడిపోయాడు.

అతను మిలిటరీలో చేసి వచ్చిన మనిషి. ఇప్పుడు గురజాలలో ఒక గోడౌనుకు కాపలా ఉంటున్నాడు. సరిహద్దు కొండల్లో డ్యూటీలో ఉండగా, ముందు పోతున్న బండి అతని కళ్లెదుటే పేలిపోయింది. అందులో అతని స్నేహితుడు ఉన్నాడు. ఆ సంగతి ప్రభావతికి చెప్పింది మొగుడు కాదు, మిలిటరీలో అతనితో పని చేసిన దావూద్. క్వారీలో రాళ్లు పేల్చిన మోత వినబడితే కొండలు చెప్పులు లేకుండా రోడ్డు మీదికి వచ్చేసేవాడు. ఏమైంది అని అడిగితే “ఏం కాలేదే, టీ పెట్టు” అనేవాడు.

పిల్ల చెయ్యి విరిగాక ప్రభావతి ఇక ఊరుకోలేదు. నరసరావుపేటలో మనసుకు వైద్యం చేసే శ్రీదుర్గ మేడం దగ్గరికి తీసుకుపోయింది. జరిగినదంతా మొదటి నుంచి వారం వారం చెప్పించడమే అసలు వైద్యమనీ, అంతకు ముందు మనిషి స్వభావం తెలుసుకునే పరీక్ష ఒకటి ఉంటుందనీ మేడం చెప్పింది. వందల వాక్యాలు. ఒక్కోదానికి అవుననో కాదనో పెట్టాలి.

పరీక్ష రోజు దారిలో దావూద్ మెకానిక్ షెడ్డు దగ్గర టీ తాగారు.

“ఒరేయ్ కొండలూ, ఇది కూడా మిలిటరీలో పెట్టే మెడికల్ బోర్డులాంటిదేరా. మనం ఎన్ని చూళ్లా? నిద్ర పడతందా అంటే పడతంది. కోపం వస్తందా అంటే రాదు. బోర్డు ముందు తుమ్మినా ఫిట్ కాదని కేటగిరీ తగ్గిచ్చి మూలన కూచోబెడతారు” అన్నాడు దావూద్.

కొండలు తలాడించాడు. సర్వీసంతా అతను నొప్పిని అలాగే దాచి ఫిట్ అనిపించుకున్నాడు. మేడం గదిలోకి పోయిన కాసేపటికే ఛాతీ విరుచుకొని బయటికి వచ్చాడు. “పాసైనట్టేనే” అన్నాడు.

మరుసటి వారం మేడం ఇద్దరినీ పిలిచింది.

“కొండలు గారూ, మీ జవాబుల ప్రకారం మీకు పుట్టినప్పటి నుంచి కోపమే రాలేదు. ఎవరి మీదా విసుక్కోలేదు.”

ప్రభావతి నవ్వు ఆపుకోలేకపోయింది. “పప్పులో నెయ్యి తక్కువైందని మా పెళ్లి భోజనాల్లోనే మా తమ్ముడితో తగువాడాడు మేడం.”

మేడం కూడా నవ్వింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. “దాచుకుంటే ఈ పరీక్షలో అది కూడా తెలుస్తుంది. ఇట్లా దాచుకునేవాళ్లు నా దగ్గరికి రెండు మూడు వారాలు వచ్చి మానేస్తుంటారు. అసలు సంగతి చెప్పాల్సిన రోజు వచ్చేసరికి కనబడరు. మీరూ అలాగే పోతారేమోనని నా భయం. మళ్లీ రాస్తారా?”

“నాకేం లేదు మేడం” అని కొండలు లేచి వచ్చేశాడు. మంచినీళ్ల కుళాయి దగ్గర ప్రభావతి అతన్ని అందుకుంది.

“ఏమే, ఇంటి సంగతులన్నీ ఆమె ముందు పెట్టాలా? పిచ్చోడని రాసుకుంటది.”

“ఆ బోర్డు నువ్వు తుపాకి మొయ్యగలవా అని అడిగింది. ఈమె నీ పిల్ల పక్కన పండుకోగలవా అని అడుగుతంది. రెండూ ఒకటేనా అయ్యా?”

“దావూద్ చెప్పింది ఏందంటే...”

“దావూదన్న కూతురు ఆయన ఇంట్లోనే ఉంది.”

కొండలు కట్టేసి ఉన్న కుళాయినే మరింత బిగించాడు. తర్వాత వెనక్కి నడిచాడు.

ఈసారి ఎంతకీ బయటికి రాలేదు. ప్రభావతి కూర్చుంది, లేచింది, గేటు దాకా పోయి వచ్చింది. బెంచీ మీద కూర్చున్న ముసలామె “కూచో తల్లీ, నిన్ను చూత్తంటే నాకు కళ్లు తిరుగుతన్నయ్” అంది. కొండలు వచ్చేసరికి చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. “చానా వాటికి అవునని పెట్టా” అని చెప్పి గబగబా బస్టాండు వైపు నడిచాడు.

వైద్యం మొదలయ్యాక తగ్గుతుందనుకుంటే ముదిరింది. మేడం దగ్గర నుంచి వచ్చిన రోజు నిలబడే అన్నం తినేవాడు, వాకిట్లో ఆ చివర నుంచి ఈ చివరకు తిరిగేవాడు. ఒక వారం బస్టాండు దాకా పోయి తిరిగొచ్చేశాడు. ఇక మానేసినట్టే అనుకుంది ప్రభావతి. పై వారం ఆమెకు చెప్పకుండానే బస్సెక్కి పోయాడు. ఆ సాయంత్రం చేతులు కడుక్కుంటూ, ఎవరితోనో అన్నట్టు అన్నాడు.

“వాడికి దుమ్ము పడదు. దగ్గుతాడని నేనే ముందు బండి ఎక్కిచ్చా.”

దావూద్ చెప్పిన ఆ పేలిన బండి సంగతేనని ప్రభావతికి తెలిసింది. అడిగితే ఆగిపోతాడేమోనని, చెంబుతో అతని చేతుల మీద ఇంకాసిని నీళ్లు పోసింది.

జూన్ వచ్చింది. నకరికల్లు నుంచి తల్లి ఫోను చేసింది.

“బళ్లు తెరుస్తున్నారే. పిల్లను ఈడే చేర్పిస్తా. టీసీ తీసుకో. దాని బట్టలూ పుస్తకాలూ సర్దిపెట్టు, రేపు మీ నాన్నను పంపిస్తా.”

“సరేలేమ్మా.”

అటక మీది బ్యాగు దించి, దుమ్ము దులిపి, జిప్పు తీసి మంచం మీద పెట్టింది. కొండలు లోపలికి వచ్చి బ్యాగును చూశాడు. మళ్లీ వాకిట్లోకి పోయాడు. అతని అడుగుల చప్పుడు ఈ చివర నుంచి ఆ చివరకు పోతోంది, వస్తోంది. ఇంకా ఎన్ని వారాలు పడుతుందో మేడం కూడా చెప్పలేదు. పిల్లను ఇప్పుడే తెచ్చుకునే ధైర్యం ప్రభావతికి లేదు. కానీ ఈ ఊరి బడిలో పిల్ల పేరు కొట్టేయించడానికి మనసు ఒప్పలేదు.

బీరువా తెరిచింది. పిల్ల గౌన్ల దొంతర మీద చెయ్యి వేసింది. ఒక్కటీ తియ్యకుండా తలుపు మూసేసింది. రేపు తన తండ్రి వచ్చి అడిగితే ఏం చెప్పాలో ఇంకా తోచలేదు. ఖాళీ బ్యాగు మంచం మీదే ఉండగా, బియ్యం చేట తీసుకొని వాకిట్లోకి పోయి, అతను తిరుగుతున్న చోటుకు కాస్త ఎడంగా కూర్చుంది.