పాడు చూడటానికి పోయినప్పుడు

తిరుపతిలో ఎం.ఏ. చరిత్ర చదివే రోజుల్లో నేను సగం కాలం ఐరోపాలోనూ, మిగతా సగం అమెరికాలోనూ ఉండేవాణ్ణి. హాస్టలు మెస్సులో సాంబారన్నం తినేది నా ఒళ్ళు మాత్రమే. అమెరికాకు వలస వచ్చిన జనం ఊరంతా ఒకచోట చేరి, చేతులెత్తి సంగతులు తేల్చుకునేవారని పాఠంలో వింటే రెండు రోజులు ఆ చేతులే కళ్ళముందు ఆడేవి. తెల్లవర్తకుల ఓడలు మన పులికాట్ సరస్సు వైపు కూడా తిరిగాయని మాస్టారు ఓసారి అన్నారు. వాళ్ళు కట్టిన గోడ ఒక్కటైనా చేత్తో తాకి రావాలని నాకు పిచ్చి పట్టుకుంది.

శనివారం తెల్లవారుజామున తిరుపతిలో రైలెక్కి గూడూరులో దిగాను. స్టేషన్లో ఇడ్లీ తిని, కాఫీ తాగి, మద్రాసు వైపు పోయే పాసింజరులో కూర్చున్నాను. దొరవారిసత్రానికి టిక్కెట్టు తీసుకోవటానికి కారణం ఆ పేరే. దొర అన్నాక తెల్లదొరే అయి ఉంటాడని నా లెక్క. దిగి పోర్టరును అడిగితే, ఏ దొరైతేనేం, సత్రం కట్టించినాడు గదా అని తన దారిన తాను పోయాడు.

సరస్సు ఒడ్డుకు ఖాళీ చేపల గంపలతో తిరిగిపోతున్న ఎద్దులబండి దొరికింది. నా వెనకాల ఎవరైనా ఆ దారిన పోదలిస్తే నెత్తికి తుండుగుడ్డ మరిచిపోవద్దు. గంపల మధ్య నలభై ఏళ్ళ ఒకామె కూర్చుని ఉంది. పేరు పోలమ్మ, ఒడ్డునున్న కుప్పంలో, అంటే జాలరిపల్లెలో ఉంటుందట. ఎందుకొస్తున్నావని అడిగింది. శిథిలాలంటే ఆమెకు తెలియదేమోనని తేలిక మాట వెతికి, “పాడు చూడటానికొచ్చినానక్కా” అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. “పాడు ఈపొద్దే నాయనా. మా ఆయన పేరు ఉంచుతారో తీసేస్తారో ఈపొద్దు తేలిపోతాది.”

గోడమీద చెక్కిన పేర్లేవో చెరిపేస్తున్నారు కాబోలనుకున్నాను. ఇంతలో చెట్ల సందున సరస్సు కనబడింది. నీళ్ళెక్కడ అయిపోయాయో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియలేదు. దూరాన ఎర్రకాళ్ళ కొంగలు గాలిలో నిలబడ్డట్టు ఉన్నాయి. బండి ఊగుతుంటే కళ్ళు మూతలుపడి, ఆ మసకలోంచి తెరచాపల ఓడలు వరసగా వస్తున్నట్టు కలగన్నాను. ఆ కాసేపు నాకు హాయిగా ఉంది.

బండి ఆగి దిగితే గోడ లేదు, గుట్ట లేదు. ఇసుకలో కుప్పం మగవాళ్ళంతా గుండ్రంగా కూర్చున్నారు, మధ్యలో మట్టికుండ ఉంది. నేనడిగిన పాడు వేరు, వాళ్ళ పాడు వేరు. సరస్సులో చేప పడే చోట్లు కొన్నే. అందరూ అక్కడే వలలు దించితే కొట్లాట తప్పదు. అందుకని తాటాకు ముక్కల మీద ఎవరి గుర్తు వాళ్ళు గీసి, కుండలో వేసి, ఒక్కొక్కటే తీసి, ముందొచ్చిన గుర్తుకు మంచి చోటు చొప్పున పంచుకుంటారు. ఆ వంతు పేరే పాడు.

పోలమ్మ భర్త కిందటేడు గాలివానలో పోయాడు. వల వేయటానికి ఆమె తమ్ముడున్నాడు. కానీ చచ్చినవాడి పేరుకు పాడేమిటని మరిది అడ్డుపడుతున్నాడు. ఆ వంతు పోతే ఆ ఇంటికి నీళ్ళమీద ఇక హక్కు లేదు. పెద్దకాపు, అంటే ఆ కుప్పానికి పెద్ద, ఇద్దరి మాటా విన్నాడు. పోలమ్మ వలయం దగ్గరకొచ్చి నిలబడింది.

“ఆయన పేరు తీసేయండి మామా. నా పేరు వేయండి.”

“ఆడమనిషి పేరు ఎప్పుడన్నా వేసినామా?” అన్నాడు పెద్దకాపు.

“వేయగూడదని ఎప్పుడన్నా అనుకున్నామా?”

మరిది ఇసుక గెలుకుతూ కూర్చున్నాడు. పెద్దకాపు చాలాసేపు అందరి మొహాలూ చూసి, చివరికి ఒక తాటాకు ముక్క ఆమె వైపు చాచి, నీ గుర్తేందని అడిగాడు. ఆమె చేప అమ్మే గంప బొమ్మ గీసింది.

చీటీ తీసే చెయ్యి పాడు లేనివాడిదై ఉండాలట. పరాయివాణ్ణి నేనే గదా, కుండ నా ముందుకు జరిపారు. గంప గుర్తు మంచి చోటుకు రావాలని కనబడని దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. చేప, తెడ్డు, చంద్రుడు, ఒక్కోటీ వచ్చాయి. గంప అన్నిటికన్నా చివర వచ్చింది. మిగిలింది మోకాటి లోతు బురదచోటు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

వాళ్ళు పెట్టిన చేపలపులుసు అన్నం తిని, సాయంత్రం పాసింజరు అందుకున్నాను. కిటికీ పక్కన కూర్చుంటే తాళ్ళతోపులు మసకమసగ్గా వెనక్కి పోతున్నాయి. ఎక్కడ మేలుకున్నానో ఎక్కడ కలగన్నానో తేల్చుకోలేని ప్రయాణం అది. ఇన్నాళ్ళూ పుస్తకంలో ఎత్తిన చేతులు చూశాను, ఎత్తనివ్వని చేతుల గురించి ఒక్కసారైనా అడగలేదు. గూడూరు దాకా పోలమ్మే నా కళ్ళలో ఉంది. కుప్పంలో ఎద్దులబండెక్కేముందు, నా చెయ్యి మంచిది కాదక్కా, చెడ్డచోటు తీసినానని బాధపడితే ఆమె నవ్వింది.

“చోటుదేముంది నాయనా, వచ్చే పాడుకు మారతాది. పేరు పడింది గదా.”