రెక్కలకు గాలి అందేదాకా

నా చిన్నప్పుడు నేను కదలకుండా నిలబడ్డ రోజంటూ ఉంటే, అది మా మేనత్త వాళ్ల కళ్లంలో గడిచిన ఒక సాయంత్రమే. మిగతా రోజుల్లో నన్ను ఇంటిల్లిపాదీ కాలుగాలిన పిల్లి అనేవారు.

వాళ్ల ఊరు కొల్లేటి ఒడ్డున. ఆవేళ కళ్లంలో నూర్చిన ధాన్యం కుప్పగా ఉంది. మబ్బు కమ్ముకొస్తోంది. గాలి మాత్రం ఆకు కూడా కదలనంతగా ఆగిపోయింది. గాలి లేనిదే తూర్పారపట్టడం కుదరదు. వాన పడితే ధాన్యం తడిసి మొలకలొస్తాయి. ఇంత తొందర ఉండగా పెద్దవాళ్లు చేటలు పక్కన పెట్టుకొని కూర్చోవడం నాకు భరించరానిదైంది. నేనే ఒక చేటెడు ఎత్తి కుమ్మరించాను. గింజలూ తాలూ ఒక్కచోటే పడ్డాయి. నూగు మాత్రం నా కళ్లలోకి వచ్చింది.

మా అత్త తిట్టలేదు. కొంగుతో కళ్లు తుడిచి, చెంబులో వేళ్లు ముంచి నా చెవుల వెనక తడి రాసి, ముక్కాలిపీట ఎక్కించింది.

“చిన్నపిల్లల చెవికే గాలి ముందు తెలుస్తుందిరా. చల్లగా తగలగానే కేకెయ్యి. కదిలావా, తెలీదు.”

“ఎంతసేపత్తా?”

“నన్నడుగుతావేంట్రా, గాలినడుగు.”

అరికాళ్లు దురద పెట్టాయి. అయినా నిలబడ్డాను. చివరికి ఎడమ చెవి వెనక చల్లగా తగిలింది. నా కేకకు అందరూ చేటలతో లేచారు. వాన మొదలయ్యేసరికి ధాన్యం బస్తాల్లోకి ఎక్కింది. గాలి రాకను మా అత్త దూరపు తాటాకుల చప్పుడుతోనే కనిపెట్టేదనీ, చెవుల మాట నన్ను కాళ్లకు అడ్డం పడకుండా ఉంచడానికి చెప్పిందనీ పెద్దయ్యాక తెలిసింది.

రెండువేల సంవత్సరం దాటాక, ఉద్యోగ విరమణ చేసి తాడేపల్లిగూడెంలో ఉంటూ, రిమోట్‌తో ఎగిరే చిన్న ఆటోజైరో తయారుచేశాను. చూడటానికి హెలికాప్టర్‌లా ఉంటుంది కానీ, పైన తిరిగే రెక్కలకు మోటారుతో సంబంధం లేదు. మోటారు ముందుకు లాగుతుంది, పై రెక్కల్ని గాలే తిప్పుతుంది. నేను చేసిన మొదటి రెండూ నేల వదిలీ వదలకముందే ఎడమవైపు ఒరిగి విరిగాయి. మరలు బిగించాను, బరువులు సరిచూశాను. కారణం దొరకలేదు. మూడోదాని రెక్కలు చెక్కేనాటికి నా వేళ్లకు వణుకు మొదలైంది. ఇవి విరిగితే మళ్లీ అంత పలుచగా చెక్కలేను.

కైకలూరు దగ్గర, చేపలు పట్టేసి నీళ్లు తోడేసిన ఒక చెరువులోకి దాన్ని పట్టుకెళ్లాం. మా ఆవిడ దాన్ని కింది నుంచి పట్టుకొని, ముక్కు కాస్త పైకెత్తి, గాలికి ఎదురుగా నిలబడింది. రెక్కలు బద్ధకంగా తిరగసాగాయి. నా బొటనవేలు అప్పుడే మోటారు మీటను నెట్టబోయింది.

అప్పుడు అర్థమైంది. గింజా తాలూ కలిసి పడ్డట్టే, గాలి పై రెక్కల్ని పూర్తి వేగంతో తిప్పకముందే నేను మీట నెట్టెయ్యబట్టే నా ఆటోజైరోలు పడ్డాయి. వేలు వెనక్కి తీశాను.

“ఏవండీ, చేతులు పీకుతున్నాయి. నిద్రపోయారా ఏంటి?”

“ఇంకొంచెం ఓర్చుకో.”

“ఓర్చుకోమని చెప్పేది మీరేనా! దేవుడున్నాడండీ.”

నవ్వు ఆపుకొని చూస్తూ ఉన్నాను. రెక్కలు విడివిడిగా కనిపించడం మాని, ఒక్క పళ్లెంలా అయ్యాయి. మీట నెట్టాను. “వదిలెయ్!” అన్నాను. ఒరగకుండా పైకి లేచింది.

సంతోషంలో బ్యాటరీ సంగతి మరిచాను. రెండో చుట్టులో మోటారు ఆగిపోయింది. ఏదో ఒకటి చేసెయ్యమని వేళ్లు కొట్టుకున్నాయి. దిగేకొద్దీ గాలే రెక్కల్ని తిప్పుతుందని తెలిసి కూడా వేళ్లను ఆపడం కష్టమైంది. బ్యాటరీలో మిగిలిన కాస్త శక్తితో ముక్కు కొంచెం దించి ఉంచాను, అంతే. అది ఊగుతూ దిగి, మెత్తటి బురదలో కూర్చుంది.

మా ఆవిడ పరుగెత్తుకెళ్లి వంగి చూసి, “విరగలేదండీ!” అని అరిచింది. రెక్కలింకా తిరుగుతున్నాయి. అవి ఆగేదాకా మేమిద్దరం దాన్ని ముట్టుకోలేదు.

నాకు కుదురు ఇప్పటికీ రాలేదు. బస్సు ఆగకముందే లేచి నిలబడతాను. అయితే చెయ్యి ముందుకు దూకిన ప్రతిసారీ, ఈ తొందర పనిదా, నాదా అని అడుగుతాను. చాలాసార్లు అది నాదే అవుతుంది.