నోవహు భార్యకు మాటలు

తొంభైల మొదట్లో, ఒమాన్‌లోని సోహార్‌లో మా కంపెనీ క్రైస్తవ కుటుంబాలు పిల్లల కోసం ఒక విల్లాలో బడి పెట్టుకున్నప్పుడు, నాటక చరిత్ర చెప్పే పని నాకు అప్పగించారు. నేను ఏ బడిలోనూ చదివినదాన్ని కాదు. బైబిలూ చరిత్రా మా నాన్నే ఇంట్లో చెప్పాడు. ఆ సంగతే చెబితే, "పర్లేదు సిస్టర్, ఖాళీగా ఉన్నది మీరొక్కరే" అన్నారు కమిటీ అధ్యక్షుడు. నా ఖాళీని కూడా దేవుడు వాడుకున్నందుకు ఈనాటికీ కృతజ్ఞురాలిని.

అధ్యక్షుడుగారు కంపెనీలో పెద్ద ఇంజినీరు. సెలవులో ఏదో పుస్తకం చదివి, ప్రాచీన క్రైస్తవ విద్య అంటే లాటిను, తర్కం, నాటకం అని తేల్చుకుని వచ్చారు. సంఘ పెద్దలకేమో నాటకమంటే పాపం. అందుకని నాటక చరిత్ర చెప్పొచ్చు, నాటకం మాత్రం ఆడకూడదు అని తీర్మానించారు. పిల్లలకు ఈత చరిత్ర చెప్పి నీళ్లు చూపించకపోవడం లాంటిదే ఇది. పైకి మాత్రం "స్తోత్రం" అన్నాను.

ఏడాది చివర తల్లిదండ్రులకు ఏదో ఒకటి చూపించాలి కదా, పది నిమిషాల 'ప్రదర్శన'కు ఒప్పుకున్నారు. నేను నోవహు ఓడను ఎంచుకున్నాను. పూర్వం ఐరోపా ఊళ్లలో ఒక్కో వృత్తివాళ్లు ఒక్కో బైబిలు కథను వీధిలో ఆడేవారని, ఓడ కథ ఓడలు చేసేవాళ్లదని, అందులో నోవహు భార్య ఓడ ఎక్కనని మొండికేసి జనాన్ని నవ్వించేదని పిల్లలకు చెప్పాను.

పాత్రలను మాత్రం కమిటీయే పంచింది, కంపెనీ హోదాల ప్రకారం. అధ్యక్షుడి కొడుకు నోవహు. ఇంజినీర్ల పిల్లలు కొడుకులూ కోడళ్లూ. ఫోర్‌మన్ల పిల్లలు ఏనుగులూ ఒంటెలూ. గయ్యాళి భార్య వేషానికి ఏ తల్లీ తన కూతుర్ని ఇవ్వలేదు. అది వడ్రంగి కూతురికి మిగిలింది. కరీంనగర్ వైపు వాళ్లు. వడ్రంగి జీతానికి కుటుంబ వీసా రాదు, తల్లి అక్కడి ఆసుపత్రిలో నర్సు కాబట్టి అందరూ ఒకచోట ఉండగలిగారు. తన యాసకు తోటివాళ్లు నవ్వుతారని ఆ పిల్ల క్లాసులో నోరు విప్పేది కాదు. నోవహు భార్య మాటలు రాసి చేతికివ్వగానే గొంతు వచ్చింది. అన్నీ తన యాసలోకి మార్చుకుంది కూడా.

తండ్రి రోజూ డ్యూటీ దిగాక వచ్చి, సైట్‌లో మిగిలిన చెక్కలతో ఓడ చేశాడు. ప్రదర్శన నాలుగు రోజులుందనగా అధ్యక్షుడుగారు నేను రాసిన కాగితాలు చదివారు.

"బైబిల్లో ఆమె ఒక్క మాటా అనలేదు సిస్టర్. తీసెయ్యండి."

మీ అబ్బాయి ఒంటెతో మాట్లాడటం కూడా బైబిల్లో లేదండీ, అందామనుకున్నాను. అనలేదు. కొట్టేశాను. నా పిరికితనంలో కృతజ్ఞత చెప్పుకునేదేమీ ఇంతవరకూ దొరకలేదు.

"అన్నీ కొట్టేసిండ్రా టీచర్?" అంది పిల్ల.

"మాటలన్నీ తీసేశారమ్మా."

"మరి ఓడ ఎక్కుడో?"

"దాని గురించి ఏమీ అనలేదు."

ప్రదర్శన రోజు పెద్దలు హోదాల వరసలోనే కూర్చున్నారు. ఓడ తలుపు ఊడితే బిగించడానికని వడ్రంగి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. జంతువులన్నీ ఓడెక్కాయి. ఆ పిల్ల మాత్రం చేతులు కట్టుకుని కింద కూర్చుంది. నోవహు "రా, ఎక్కు" అని మూడుసార్లు పిలిచి, రాసిచ్చిన మాటలు అయిపోయి తండ్రి వైపు చూశాడు. అధ్యక్షుడుగారు కుర్చీలోంచి లేచారు.

"ఎక్కమ్మా, వాన వచ్చేస్తోంది."

నాటకం ఆడకూడదని తీర్మానం రాసిన మనిషి, ఆ బడిలో అందరికన్నా బాగా నటించారు. జనం నవ్వారు.

"ఎక్కుత సార్. గీ ఓడ జేసినాయన దర్వాజ కాడ నిలవడ్డడు. ఆయనెక్కితే ఎక్కుత."

"ఓడ చేసింది నోవహు," అన్నారాయన, నిజంగానే కోపం వచ్చి.

"గట్లయితే నోవహును సుత్తె పట్టుమనుండ్రి, సూద్దాం."

హాలంతా గొల్లుమంది. ఈసారి నవ్వు యాస మీద కాదు. "రా బాపూ," అని పిలిచింది. వడ్రంగి సిగ్గుపడుతూ వచ్చి, తను చేసిన తలుపులోంచి వంగి లోపలికి వెళ్లాడు. వెనకే ఆమె ఎక్కింది. అధ్యక్షుడుగారు మాత్రం కుర్చీల మధ్య నిలబడే ఉన్నారు.

తర్వాతి వారమే కమిటీ నాటక చరిత్రను ఎత్తేసి, ఆ గంటను తర్కానికిచ్చింది. అదీ నన్నే చెప్పమంది. మొదటి రోజే ఆ పిల్ల ఎవరూ అడక్కుండానే లేచింది.

"టీచర్, మరి గా ఊళ్లల్ల రొట్టెలు జేసేటోళ్లు ఏ కథ ఆడుతుండిరి?"

ఎవరూ నవ్వలేదు. తర్కం పుస్తకం మూసేసి, ప్రభువు చివరి భోజనం కథ అని చెప్పాను.